జొన్న కేకు కొలతలు, ‘షుగర్ ఫ్రీ’ మాట

సంపాదకులకు,

పాలమూరు జొన్నలతో కేకు చేయడం మంచి ఆలోచనే. కానీ మైదా తీసేసి అంతే జొన్నపిండి పోస్తే కోయగానే రాలిపోతుంది. గోధుమపిండికి పట్టునిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో లేదు, అందుకే పట్టు రాదు. 200 గ్రాముల మైదాకు బదులు 120 గ్రాముల జొన్నపిండి, 40 బియ్యప్పిండి, 40 కార్న్‌ఫ్లోర్ తీసుకోవాలి. 5 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టును 60 మిల్లీలీటర్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కలిపితే పట్టు వస్తుంది. కలిపిన పిండి అరగంట నానాలి, లేకుంటే పంటికి ఇసుకలా తగులుతుంది. బేకింగ్ పౌడర్ మాత్రం ఓవెన్‌లో పెట్టేముందే వేయాలి. పూర్తిగా చల్లారాకే కోయాలి.

సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకైతే గోధుమలు పట్టే గిర్నిలో జొన్నలు పట్టించొద్దు, రాళ్లకు అంటిన గోధుమపిండి చాలు హాని చేయడానికి. ఉప్మారవ్వ కూడా గోధుమదే.

బెల్లం, ఖర్జూరం వేసి ‘షుగర్ ఫ్రీ’ అని అమ్మడం తప్పు. షుగర్ ఉన్నవాళ్లకు అవీ చక్కెరే. స్టీవియా అనే మొక్క ఆకుల నుంచి తీసే తీపి పొడి చిటికెడుతో తీపి వస్తుంది గానీ, తీసేసిన 100 గ్రాముల చక్కెర ఇచ్చే పరిమాణం, తేమ రావు. కేకు అణిగి గట్టిపడుతుంది. చక్కెరకు బదులు వాడే ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం అంతే బరువు వేస్తే తీపి చక్కెరలో సుమారు 70 శాతమే, రంగు సరిగా రాదు. మెత్తగా పొడి చేయకుంటే చల్లారాక పలుకులు కడుతుంది.

మీ వంటల పేజీలో చిరుధాన్యాల కేకులు వేసేటప్పుడు కొలతలు గ్రాముల్లో ఇవ్వండి. బెల్లం కేకుకు ‘షుగర్ ఫ్రీ’ అని శీర్షిక పెట్టకండి.

– బేకింగ్ నేర్పేవాళ్లం, మహబూబ్‌నగర్