మా జేజిని సాగనంపిన ఊరికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా జేజి, అంటే మా నాన్నమ్మ, ఉత్తరక్రియలు మొన్న ఆదివారంతో ముగిశాయి. ఇన్నాళ్ళూ ఎవరు ఫోన్ చేసినా నాలుగు మాటలు కుదురుగా మాట్లాడే పరిస్థితి లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. జేజి ఉంటే దీనికి ఒప్పుకునేది కాదు, "సెల్లులో చెప్పేదేందిరా, ఇంటికి పోయి చెప్పి రా" అనేది. ఇళ్ళకూ వస్తాను.

ముందు జేజి గురించి కొంచెం చెప్పాలి. ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలిసిందే గానీ, నా ఈడు పిల్లల్లో చాలామందికి ఆమె అరుగు మీద కూర్చుని కసిరే ముసలామెగానే తెలుసు.

మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊరు. మా తాత కూలి డబ్బుల్లో సగం సారా ప్యాకెట్లకే పోయేదట. అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు జేజికి యాభై ఏళ్ళుంటాయి. పగలంతా శనగచేలో పని, రాత్రి లాంతరు దగ్గర పలక. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాల కంటే ముందు ఒకరి ఇంటి కష్టం ఒకరితో చెప్పుకోవడం నేర్చుకున్నారని మా అత్త అంటుంది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న కబురు మా ఊరికీ వచ్చింది. ఆ తర్వాత సారా జీపు ఊళ్ళోకి వచ్చిన రోజు జేజి కొంగులో కారప్పొడి మూట కట్టుకుని దారికి అడ్డంగా కూర్చుంది. జీపు వెనక్కి పోయింది. సాయంత్రం మా తాత అన్నానికి కూర్చుంటే కంచం బోర్లించి, "తాగనని చెప్పు, తిప్పుతా" అందట. ఆయన చెప్పలేదు, ఆ రాత్రి పస్తే పడుకున్నాడు. మర్నాడు పొద్దున చెప్పాడు. మాట మీద ఎన్నాళ్ళు నిలబడ్డాడన్నది వేరే కథ.

1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో పూర్తి మద్యనిషేధం, 1997లో సడలింపు. ఈ చివరి సంగతి ఎత్తితే జేజికి బీపీ పెరిగేది కాబట్టి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఆ ఆడవాళ్ళే తర్వాత పొదుపు సంఘం పెట్టుకున్నారు. రోజుకు రూపాయి. సంఘం అప్పుతో కొన్న బర్రె పాలు అమ్మి మా చిన్నత్తను టీచర్ ట్రైనింగ్ చదివించింది జేజి. తీర్మానాల పుస్తకంలో ఆమె సంతకం నేను చూశాను. మొదటి పేజీల్లో ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో ఉంటుంది, కొమ్ము పక్క గీత దాటి పోతుంది. పది పేజీలు తిప్పేసరికి ధీమా వచ్చి, కింద ఒక గీత కూడా కొట్టడం మొదలుపెట్టింది.

ఇక సాయానికి వస్తాను. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నారు, లేకపోతే పుళ్ళు పడతాయి. అమ్మ ఒక్కతే ఎంతకని చేస్తుంది? సంఘంలో జేజితో పాటు ఉన్నవాళ్ళ కోడళ్ళు రాత్రిళ్ళు వంతులు వేసుకున్నారు. మేం ఎవర్నీ అడగలేదు. గాలి పరుపు వాళ్ళ నాన్నకు వాడింది తెచ్చి వేసి, డబ్బులిస్తే కోప్పడి వెళ్ళిన అన్నకు, డ్యూటీ అయ్యాక కూడా వచ్చి కట్టు మార్చిన ఏఎన్ఎం అక్కకు దణ్ణాలు.

జేజి కళ్ళు దానం చేశాం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది. కొన్నేళ్ళ క్రితం కాలేజీ పిల్లలు ఊళ్ళోకి కార్డులు పట్టుకొచ్చినప్పుడు వేలిముద్ర చాలన్నా వినకుండా సంతకం పెట్టిన కార్డు ఆమె ట్రంకు పెట్టెలో ఉంది. అయినా ఆ రాత్రి మాకెవ్వరికీ అది గుర్తు రాలేదు. గుర్తు చేసింది మా వీధి చివర ఉండే లెక్చరర్ గారు. ఆయనే ఐబ్యాంకుకు ఫోన్ చేసి, ఫ్యాన్ ఆపించి, తల కింద ఇంకో దిండు పెట్టించి, రెప్పలు మూసి తడి దూది వేయించారు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలట. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు పనికిరావేమో అనుకున్నాం. వచ్చిన టెక్నీషియన్ "ఆపరేషన్ లోపలి లెన్స్‌కమ్మా, మాకు కావాల్సింది పైనుండే కార్నియా" అని అమ్మకు ఓపిగ్గా చెప్పాడు. పరీక్ష కోసం కొంచెం రక్తం తీసుకున్నాడు. అరగంట కూడా పట్టలేదు. ముఖంలో ఏ తేడా లేదు.

ఒక పెద్దమనిషి మాత్రం వాకిట్లో నిలబడి, కళ్ళు లేకుండా పంపితే వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుందని అన్నాడు. మా అత్త తలెత్తి, "మా అమ్మ సంతకం పెట్టింది మామా, కాదనడానికి నువ్వెవరు, నేనెవరు" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పాడె మోసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు, ఆయనకూ కృతజ్ఞతలు.

మా పొయ్యి వెలగని రోజుల్లో ఒక్క పూట కూడా మా ఇంటికొచ్చిన చుట్టాలు ఆకలితో లేవలేదు. పప్పు ఒక ఇంటి నుంచి, చారు ఒక ఇంటి నుంచి, పిల్లలకు పాలు ఇంకో ఇంటి నుంచి వచ్చేవి. టెంట్‌హౌస్ అన్న కుర్చీల బాడుగ తీసుకోలేదు. రాత్రి ఐబ్యాంకు వాళ్ళకు దారి చూపించడానికి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి వానలో నిలబడిన ఆటో తమ్ముడిని ఇప్పటికీ కలవలేకపోయాను. ఈ రాత చూస్తే ఒకసారి ఫోన్ చెయ్యి తమ్ముడూ. బెంగళూరు నుంచి, దుబాయ్ నుంచి ఫోన్ చేసి జేజితో తమకున్న జ్ఞాపకాలు చెప్పినవాళ్ళందరికీ అమ్మ తరఫున కూడా చెబుతున్నాను. అమ్మ అవన్నీ స్పీకర్ పెట్టించుకుని వింది.

చివరిగా ఒక మాట. మా ఇంట్లో రెండు స్టీలు గిన్నెలు, ఒక నాలుగు గిన్నెల క్యారియర్, అడుగున "వి" అని చెక్కిన ఇత్తడి గంటె మిగిలిపోయాయి. ఎవరివో చెప్పండి, తోమి పెట్టాం. అమ్మ వట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదంటోంది కాబట్టి, వచ్చేటప్పుడు కాస్త తీరిక చేసుకుని రండి.