వాల్యూమ్ ఎక్కడ తగ్గిస్తున్నావు?

చిన్నీ,

ఇక్కడ అందరం కులాసా. జామచెట్టు విరగకాసింది, తినేవాళ్లే లేరు. నువ్వు ప్రీఆంప్ (మధ్యలో వాల్యూమ్ నాబ్ ఉండే పెట్టె) తీసేసి, డాక్‌ని (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చేది) నేరుగా పవర్ ఆంప్‌కి (స్పీకర్లని నడిపేది) కలిపావని శ్రీను అన్నాడు. నిజమేనా? ఫోన్ ఎత్తితే అడిగేదాన్నే.

డిజిటల్ వాల్యూమ్, అంటే ప్లేయర్‌లోనే అంకెలతో తగ్గించడం, పనికిరాదని అనను. పాటని దాచే అంకెల్లో ఒక్కో బిట్టు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం కొలత). 16 బిట్ల పాటని 16 బిట్లలోనే 24 డెసిబెల్స్ తగ్గిస్తే 4 బిట్లు గోవిందా. అవుట్‌పుట్ 24 బిట్లకి పెడితే కింద 8 బిట్లు ఖాళీ కాబట్టి 48 దాకా పాటకి ఢోకా లేదు. కానీ డాక్ సొంత హిస్సు (సన్నటి బుస) పాటతోపాటు తగ్గదు, రాత్రి సన్నగా పెట్టినప్పుడు వినపడేది అదే. అసలు అంత రాత్రిదాకా మేలుకోవడం ఎందుకు?

డాక్ తర్వాత ఉండే నాబ్ పాటనీ హిస్సునీ కలిపి తగ్గిస్తుంది. దాని రోగాలు దానికున్నాయి. చౌకరకం పాట్‌లో (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) బాగా కిందకి తిప్పినప్పుడు ఎడమకీ కుడికీ 2, 3 డెసిబెల్స్ తేడా వచ్చి, పాడేవాళ్ల గొంతు ఓ పక్కకి జరుగుతుంది. గరగరమంటే కరెంటు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి బాగా తిప్పాలి. మళ్లీ గరగరమంటే డీసీ కరెంటుని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ దాన్ని వదులుతోందేమో చూడు.

నా భయం వేరే. బాబాయి కూడా నీలాగే నేరుగా కలిపాడు. ప్లేయర్‌లో 20 దగ్గర పెట్టుకుని వినేవాడు. ఓ రాత్రి అప్‌డేట్ పడి, అది తిరిగి లేచేసరికి వాల్యూమ్ 100. పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మర్నాడు కుడివైపు పైస్థాయి వినపడకపోతే ఆయన కేబుల్ మార్చాడు, తర్వాత ప్లగ్గులు మార్చాడు, చివరికి స్పీకర్లు అటూ ఇటూ మార్చితే తప్పు ఆ స్పీకర్‌తోపాటే వెళ్లింది. మీటర్ పెడితే ట్వీటర్ (పైస్థాయి పలికే చిన్న స్పీకర్) కాయిల్ ఓపెన్, అంటే తెగిపోయింది!

అందుకే ప్యాడ్, అంటే సిగ్నల్‌ని తగ్గించే రెండు రెసిస్టర్లు, పెట్టమంటున్నా. డాక్ ఇచ్చేది 2 వోల్టులు, చాలా ఆంప్‌లకి ఫుల్ పవర్‌కి 1 వోల్టు చాలు. సిరీస్‌లో 6.8 కిలో ఓమ్, ఆంప్ వైపు నుంచి గ్రౌండ్‌కి 3.3 కిలో ఓమ్ వేస్తే 10 డెసిబెల్స్ తగ్గుతుంది. హిస్సూ తగ్గుతుంది. 1 శాతం మెటల్ ఫిల్మ్‌వే కొను, రెండు ఛానెళ్లకీ కొలిచి జతచెయ్యి. ప్యాడ్‌ని ఆంప్ దగ్గరే పెట్టు, డాక్ దగ్గర కాదు.

సోల్డర్ పొగ పీల్చకు, కిటికీ తెరువు. ముందు ఏమైనా తిని కూర్చో.

అమ్మ