రాత్రి రెండింటికి వచ్చే ఆ వాసన గురించి: మా ప్రాంత పర్యావరణ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మూడు అర్జీలు ఇచ్చాను, రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మేం హైదరాబాద్‌లో ఒక పారిశ్రామికవాడ వెనకాల ఉంటాం. అర్ధరాత్రి దాటాక ఘాటైన సాల్వెంట్ (పెయింట్ థిన్నర్ లాంటి, ఇతర పదార్థాలను కరిగించే రసాయన ద్రవం) వాసన వస్తుంది, తెల్లారేసరికి మాయం. మా తొమ్మిదేళ్ల పాపకి దుమ్ము పడదు, ఆ అలర్జీ ముందునుంచీ ఉన్నదే, కానీ ఆ వాసన వచ్చిన రాత్రుల్లోనే పిల్లికూతలు ఎక్కువై, ఇన్‌హేలర్ ఇచ్చి తెల్లవార్లూ ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సి వస్తోంది.

"అలర్జీ అయితే ఎక్కడున్నా వస్తుంది కదమ్మా" అన్నారు మీ ఆఫీసులో ఒకరు. ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలు, డీజిల్ పొగ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తే దుమ్ము, పుప్పొడి సులువుగా లోపలికి చొరబడతాయి, వాపు పెరుగుతుంది. అలర్జీ మాదే, అందులో ఆజ్యం పోస్తున్నది ఎవరని అడుగుతున్నాను.

మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేయిద్దామంటున్నారు మా అత్తగారు. ఆవిడకి కనీసం ఒక దారి కనిపిస్తోంది.

2009 జాతీయ గాలి ప్రమాణాల్లో ఉన్నవి 12 కాలుష్యాలే. బెంజీన్ ఉంది, సాల్వెంట్‌గా వాడే టోలుయీన్ లేదు. కాబట్టి పగటి రీడింగ్ చూపించి అంతా బాగుందనకండి. 15 రోజుల్లోగా, రాత్రి 12 నుంచి 4 మధ్య, ముందుగా ఎవరికీ చెప్పకుండా వచ్చి, సాల్వెంట్ ఆవిర్లతో సహా గాలిని పరీక్ష చేయించి, ఆ రిపోర్టు మా కాలనీ నోటీసు బోర్డులో పెట్టించండి.

ఇట్లు,
ఆ పాప తల్లి