బొట్టు లేని స్టిక్కర్

విజయనగరం,
గురువారం మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ.

ఒరేయ్ బుజ్జిగా,

ముందు తిట్టుకో. నీ ఉత్తరం ఆషాఢంలో వచ్చింది, ఇప్పుడు దసరా కూడా అయిపోయింది. మొన్న నువ్వు ఫోన్ చేస్తే కావాలనే ఎత్తలేదు. ఎందుకో ఇది చదివితే తెలుస్తుంది. పొడి కబుర్లు ముందే చెప్పేస్తాను: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పాప ఐదో తరగతి, మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు మంచివాళ్ళే, వేపచెట్టు కొట్టలేదు. చాలు.

తొలేళ్ళ రోజు మన కొట్టులో దొంగతనం జరిగిందిరా. తాళం పగలలేదు, గల్లాపెట్టె కదల్లేదు. నేను గల్లా దగ్గరే కూర్చుని, నవ్వుతూ సరుకిచ్చి పంపుతూనే ఉన్నాను.

తొలేళ్ళంటే గంటస్తంభం దగ్గర ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మర్నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. గజపతినగరం, చీపురుపల్లి, బొబ్బిలి, ఎక్కడెక్కడి జనమో ఊళ్ళోకి దిగిపోయారు. మూడు లాంతర్ల నుంచి మన సందు దాకా తలకాయలే. నీళ్ళ సీసాలు, కూల్ డ్రింకులు, చిప్స్, పిల్లలకి బిస్కెట్లు. అందుకుని ఇవ్వడమే పని. చిల్లర అడిగేవాడు లేడు. అందరూ స్కానే. 2016లో నోట్లు రద్దయినప్పుడు మన కొట్లో మొదటి స్టిక్కర్ మైదా జిగురుతో వంకరగా అంటించింది నువ్వే కదా, గుర్తుందా? "ఇంక చిల్లర గొడవ ఉండదు బావా" అన్నావు. అవును, ఉండదు. అసలు డబ్బే ఉండదు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది మాట్లాడే డబ్బా. అదేరా, "యాభై రూపాయలు అందాయి" అని అరిచేది. దానికి లోపల సిమ్ ఉంటుంది, నెలనెలా అద్దె కట్టాలి. నువ్వు దానికి పెట్టిన పేరు ఉత్తరంలో రాయలేను, పాప చదువుతుంది. సాయంత్రం ఐదు గంటలకి మన కుర్రాడు (నెల్లిమర్ల నుంచి వస్తాడని రాశానే, వాడు) చెవి దగ్గరకొచ్చి, "అన్నా, బాక్సు పలకట్లేదు" అన్నాడు. "పండగరా, నెట్‌వర్క్ జామయి ఉంటుంది, నువ్వు నీళ్ళ కేసు దించు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

జనం ఫోన్ తిప్పి పచ్చ టిక్కు చూపిస్తున్నారు, నేను తలూపుతున్నాను. నా ఫోనేమో లోపల గదిలో చార్జింగ్‌లో ఉంది. వాళ్ళ ఫోన్లలోంచి డబ్బు వెళ్ళడానికి ఉన్న నెట్‌వర్క్ నా డబ్బాకి ఎందుకు లేదు? ఇంత చిన్న ప్రశ్న మూడు గంటల సేపు నా బుర్రకి తట్టలేదు. లెక్కల్లో నీకంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినవాణ్ణి మరి!

ఏడున్నరకి అమ్మ కాఫీ పట్టుకుని వచ్చింది. గ్లాసు పెట్టి, కౌంటర్ అంచున ఉన్న క్యూఆర్ పలక వైపు చూసి, "ఒరే, దీని బొట్టేదిరా?" అంది.

దసరా నాడు తక్కెడకి, గల్లాపెట్టెకి, కత్తెరకి బొట్లు పెడుతూ ఆ పలకకి కూడా పెట్టింది. నేను నవ్వితే, "అన్నం పెట్టేదీ ఆయుధమే" అని కసిరింది. ఆ బొట్టు లేదు. గోరుతో మూల గీకితే పైపొర ఊడొచ్చింది. కింద మన స్టిక్కర్, దాని మీద అమ్మ పెట్టిన కుంకుమ, చెక్కుచెదరకుండా ఉన్నాయి. అదే సైజు, అదే రంగు, అదే బొమ్మ. తోపులాటలో ఎవడో కౌంటర్ మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణంలో అంటించి పోయాడు. నా ఒళ్ళు చల్లబడిపోయింది.

నిజానికి ఆ గళ్ళ బొమ్మలో ఉండేది ఒక అడ్రసు మాత్రమే. ఎవరి స్టిక్కరైతే డబ్బు వాళ్ళ ఖాతాకి పోతుంది. స్కాన్ చేస్తే పేరు కనిపిస్తుంది కదా, ఎవరూ చూడలేదా అంటావు. చూశార్రా! ఒకాయన "వేరే పేరొచ్చింది, మీ బామ్మర్దేమో అనుకున్నా" అన్నాడు. ఆయన తప్పేముంది? మన బోర్డు మీద అమ్మవారి పేరు, మన క్యూఆర్‌లో మా ఆవిడ పేరు. పక్క టిఫిన్ కొట్లో వాళ్ళ అల్లుడి పేరు. ఈ బజార్లో బోర్డుకీ పేరుకీ పొంతన ఉన్న కొట్టు ఒక్కటి చూపించు.

ఖాళీ కేసులు లెక్కేసుకుంటే ఆరు వేల పైన పోయినట్టు తేలింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను. ఎంత తొందరగా చెబితే అంత మంచిదట, అవతలి ఖాతాలోంచి డబ్బు జారిపోకముందే ఆపే వీలుంటుందట. అక్కడ పడింది అసలు పీటముడి. లావాదేవీ నంబర్లు చెప్పమన్నారు, ఆ 12 అంకెలవి. నా దగ్గరేవి? నా ఖాతాలోకి ఏదీ రాలేదు, నా ఖాతాలోంచి ఏదీ పోలేదు. కాగితం మీద చూస్తే డబ్బు పోయింది కొన్నవాళ్ళది. వాళ్ళేమో నీళ్ళు తాగేసి, పిల్లల్ని భుజానెక్కించుకుని కోట వైపు వెళ్ళిపోయారు. తెలిసిన మొహాలు నాలుగైదు వెతికి పట్టుకుని, బతిమాలి, నంబర్లు రాసుకున్నాను. ఒకావిడ "ఒకసారి ఇచ్చాను కదా, మళ్ళీ అడుగుతావేంటి" అని నలుగురిలో అరిచింది. డబ్బు కాదమ్మా, నంబరు కావాలి అంటే నమ్మితే కదా. నేనైనా నమ్మను. డబ్బు రావాలంటే పిన్ కొట్టమని ఫోన్లు చేసి మోసం చేసే కాలం ఇది. మన చెరువుగట్టు గొడుగు కథ గుర్తొచ్చింది. ఆ రోజు ఎవరూ నమ్మక నువ్వు ఎలా నిలబడ్డావో నేనూ అలాగే నిలబడ్డాను.

సరే, ఇప్పుడు రాయలేక రాస్తున్నది రాస్తాను.

ఆ రాత్రి నేను కుర్రాణ్ణి అనుమానించాను. కౌంటర్ తుడిచేది వాడు. ఫోన్ల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు వాడు. "నీ ఫోన్ ఇలా ఇయ్యి" అన్నాను, అమ్మ ముందే. వాడు మారుమాట లేకుండా తాళం తీసి నా చేతిలో పెట్టాడు. అంతా తిప్పి చూశానురా, సిగ్గు లేకుండా. వాళ్ళమ్మకి పంపిన ఐదు వందలు, రీచార్జీ, అంతే. ఫోన్ తీసుకుని చెప్పులేసుకుని, "బాక్సు పలకట్లేదని నేనే కదన్నా చెప్పాను" అని వెళ్ళిపోయాడు. సిరిమాను రోజు రాలేదు. నిన్నా రాలేదు. సిరిమాను కోటకీ గుడికీ మూడుసార్లు తిరిగింది. ఏటా సీటు మీద నిలబడి దండం పెట్టేవాణ్ణి, ఈసారి తలెత్తబుద్ధి కాలేదు. నువ్వు ఫోన్ చేసింది అప్పుడే.

ఇప్పుడు క్యూఆర్ పలకను అద్దం లోపలికి జరిపాను. పొద్దున్నే మా ఆవిడ తన ఫోన్లోంచి ఒక్క రూపాయి పంపుతుంది, డబ్బా పలికాకే షట్టర్ పూర్తిగా ఎత్తుతాను. బిల్లు బిల్లుకీ కొత్త క్యూఆర్ తెర మీద చూపించే మెషీన్ ఉందట, మొత్తం కూడా అందులోనే వస్తుందట, మీద ఏదీ అంటించడానికి లేదు. అమ్మేవాడు వచ్చి చూపించాడు. అద్దె విని ఆలోచిస్తానన్నాను. అమ్మ మాత్రం ఆ తెరకి బొట్టెక్కడ పెట్టాలని అడుగుతోంది.

రేపు పొద్దున్నే నెల్లిమర్ల వెళ్తాను. వాడి జీతం పట్టుకెళ్తే లెక్క తేల్చడానికి వచ్చాననుకుంటాడు. వట్టి చేతులతో వెళ్తే… ఏం చెప్పాలిరా? నువ్వైతే ఏదో ఒకటి అనేసి నవ్వించేస్తావు, నాకు అది చేతకాదు. వాళ్ళమ్మ ఎదురొస్తే ముందు

సరుకు ఆటో వచ్చింది, హారన్ కొడుతున్నాడు. దించడానికి ఒక్కణ్ణే ఉన్నాను. ఉంటాను.

నీ
నాలుగు మార్కులోడు