తైమీర్ నిర్జన ప్రదేశం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆర్కిటిక్ సముద్రం మీదుగా సాగే ఉత్తర సముద్ర మార్గం గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆ దారి వల్ల ఓడలకు ఎంత దూరం కలిసివస్తుందో, సరుకు రవాణాలో మన దేశానికి ఏం లాభమో అందులో వివరంగా ఉంది. అయితే ఆ దారికి ఆనుకుని ఉన్న రష్యా ఉత్తర తీరాన్ని వ్యాసకర్త రెండు చోట్ల ‘నిర్జన ప్రాంతం’ అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పినవాడిగా ఆ మాటకు నా అభ్యంతరం తెలియజేయకుండా ఉండలేకపోతున్నాను. తప్పు ఆయన ఒక్కరిదే అనను. టండ్రా అంటే మంచు, ఎస్కిమోలు, ఇగ్లూలు అని చెప్పి పాఠం ముగించిన మా తరం ఉపాధ్యాయులకూ అందులో భాగముంది.

ఆ తీరంలో అన్నిటికన్నా ఉత్తరానికి చొచ్చుకుపోయిన నేల తైమీర్ ద్వీపకల్పం. యూరేషియా ప్రధాన భూభాగం దాని కొసన ఉన్న చెల్యూస్కిన్ అగ్రంతోనే ముగుస్తుంది. ఈ ద్వీపకల్పం, దాని దక్షిణాన ఉన్న విశాలమైన టండ్రా, ఎదురుగా సముద్రంలో ఉన్న సెవెర్నయ జెమ్ల్యా దీవులు, అన్నీ కలిపి సైబీరియాలోని క్రాస్నొయార్స్క్ ప్రాంతంలో ‘తైమీర్ దొల్గానో-నేనెత్స్’ అనే ఒకే ఒక్క జిల్లా. దాని విస్తీర్ణం సుమారు 8,79,900 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపి అందులో పెట్టినా మూడో వంతు కూడా నిండదు. 2010 జనగణన ప్రకారం అంత నేల మీద ఉన్నవారు 34,432 మంది. మన దగ్గర ఒక మామూలు మండలంలోనే ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఈ రెండు అంకెలనూ భాగించి, మనిషికి పాతిక చదరపు కిలోమీటర్లు అని తేల్చేసి, ‘నిర్జనం’ అని రాయడం సులువు. కానీ ఆ 34,432 మందిలో 22,175 మంది యెనిసెయ్ నది ఒడ్డున ఉన్న దుదిన్కా పట్టణంలోనే ఉన్నారు. మిగిలిన పన్నెండు వేల పైచిలుకు మంది ఖతాంగా వంటి పెద్ద ఊళ్లలోనూ, ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పల్లెల్లోనూ, రెయిన్‌డీర్ మందల వెంట టండ్రాలోనూ ఉంటారు. ఇంకో విశేషం ఏమిటంటే, చుట్టూ ఈ జిల్లాయే ఉన్నా నోరిల్స్క్ నగరం మాత్రం జిల్లా లెక్కలోకి రాదు. నికెల్, రాగి గనుల మీద నిలిచిన ఆ నగరానికి వేరే పాలన ఉంది, అదే జనగణనలో దాని జనాభా 1,75,365. జిల్లా మొత్తానికి అయిదు రెట్లు! పాలనాపరమైన సరిహద్దు గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టే ఒక ప్రాంతం ఖాళీగానో, నిండుగానో కనిపిస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సగటు ఎంత దాచిపెడుతుందో నాకు స్వానుభవం. 2011 జనగణనలో విశాఖ మన్యంలో ఎన్యూమరేటరుగా తిరిగాను. ఏడు గడపల గూడెం ఒకటి ఉండేది. అక్కడికి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరాను, తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. నా పట్టికలో ఆ రోజు పని పేజీ కూడా నిండలేదు. కానీ ఆ ఏడు ఇళ్లవారికి చుట్టూ ఉన్న కొండంతా పేరుపేరునా తెలుసు, వాగు ఎక్కడ దాటాలో, ఏ చెట్టు ఎవరిదో తెలుసు. ఆ కొండను ‘ఖాళీ’ అంటే వారు ఒప్పుకోరు.

తైమీర్‌లోనూ అంతే. నేనెత్స్, దొల్గాన్, నగనసాన్, ఎనెత్స్, ఎవెంకీ జాతులవారు అక్కడి మూలవాసులు. వీరు ఇగ్లూల్లో ఉండరు. దొల్గాన్లు చలికాలంలో ‘బలోక్’ అనే బండి ఇంట్లో ఉంటారు. అది స్లెడ్జి పట్టాల మీద నిలిపిన కర్ర చట్రం. దానిపై రెయిన్‌డీర్ తోళ్లు, కాన్వాసు కప్పుతారు. ఒక చిన్న కిటికీ, లోపల ఇనప పొయ్యి, పొగగొట్టం ఉంటాయి. మేత కోసం మంద కదిలితే ఆ ఇంటికే రెయిన్‌డీర్లను కట్టి లాక్కుపోతారు. ఇల్లు విప్పి మళ్లీ కట్టుకునే అవసరం లేదు. తలుపు తీస్తే మైళ్ల కొద్దీ మనిషి కనబడకపోవచ్చు, కానీ ఆ మైళ్లన్నీ వారి మందకు ఒక ఋతువులో మేత, మరో ఋతువులో దారి. వేల మంది బతకడానికి లక్షల చదరపు కిలోమీటర్లు ఎందుకు కావాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ నేల పైపొర కింద ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, రెయిన్‌డీర్లు మేసే నాచు లాంటి లైకెన్ మెల్లగా పెరుగుతుంది, మంద ఒక్కచోట నిలిస్తే అక్కడ మేత ఏళ్ల తరబడి తిరిగి రాదు.

ఈ జాతుల సంఖ్య చూస్తే మనసు కలుక్కుమంటుంది. 2010లో రష్యా మొత్తం మీద నగనసాన్లు 862 మంది, ఎనెత్స్ 227 మంది. 227 మంది అంటే మా పాఠశాలలో ఉదయం ప్రార్థనకు నిలబడే పిల్లలంత కూడా లేరు. ఒక భాష, దాని పాటలు, దాని నదుల పేర్లు అంతమంది నోట్లోనే మిగిలాయి.

పాలన విషయమూ చెప్పాలి. 1930లో దొల్గాన్, నేనెత్స్ జాతుల పేరు మీదే ఇక్కడ ఒక జాతీయ ప్రాంతం ఏర్పడింది, 1977లో దాన్ని స్వయంప్రతిపత్తి ప్రాంతంగా మార్చారు. 2005 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007 జనవరి 1న అది క్రాస్నొయార్స్క్‌లో ఒక జిల్లాగా కలిసిపోయింది. ఈలోగా జనం తగ్గుతూ వచ్చారు. 1989లో 55,803 మంది ఉండేవారు. సోవియట్ పాలన ముగిశాక ఉద్యోగాల కోసం వచ్చినవారు వెనుదిరిగారు. ఉత్తర సముద్ర మార్గంలోనే ఉన్న దిక్సన్ రేవులో ఒకప్పుడు వేలల్లో ఉన్న జనం 2010 నాటికి 676కి చేరారు. వచ్చినవారు వెళ్లిపోయారు గానీ మూలవాసులకు వెళ్లడానికి వేరే చోటు లేదు.

‘నిర్జనం’ అన్న మాట పర్యవసానం 2020 మే 29న కనబడింది. నోరిల్స్క్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రపు ఇంధన ట్యాంకు ఆధారం కుంగి, 21 వేల టన్నుల డీజిలు చిందింది, అంబర్నయా నది ఎర్రబడింది. ఆ నీరు పియాసినో సరస్సులోకి, అక్కడి నుంచి పియాసినా నదిగా తైమీర్ టండ్రా మీదుగా కారా సముద్రానికి పోతుంది. దారి పొడవునా ఆ నీటి చేపలనే నమ్ముకున్న కుటుంబాలున్నాయి. ఎవరూ లేరనుకున్న నేల మీద ఏ ట్యాంకు కట్టినా, ఏ గొట్టపు మార్గం వేసినా అనుమతి అడగడానికి మనిషి గుర్తుకురాడు. నష్టం లెక్క కట్టేటప్పుడూ అంతే.

ఇది మనకు సంబంధం లేని ఊసు అనుకోవడానికి వీల్లేదు. 2008 నుంచి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మన ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం నడుస్తోంది. 2013లో ఆర్కిటిక్ దేశాల కూటమి అయిన ఆర్కిటిక్ మండలిలో మన దేశానికి పరిశీలక హోదా వచ్చింది, 2022 మార్చిలో ఆర్కిటిక్ విధానాన్ని కేంద్రం ప్రకటించింది. అక్కడి ఖనిజాల గురించి, ఓడదారి గురించి ఇక మీదట మన పత్రికల్లో వార్తలు పెరుగుతాయి.

కనుక మీకు నా విన్నపాలు రెండు. ఆర్కిటిక్ వార్తల్లో ‘నిర్జనం’, ‘ఖాళీ భూమి’ అన్న మాటలు మానేసి, ఆ జిల్లా పేరు, అక్కడి జాతుల పేర్లు, జనాభా ఎంతో ఒక వాక్యంలోనైనా రాయించండి. రెండోది, మీ ఆదివారం పిల్లల పేజీలో టండ్రా గురించి ఎప్పుడు వేసినా ఇగ్లూ బొమ్మ పక్కన, రెయిన్‌డీర్లు లాగుతున్న, పొగగొట్టం నుంచి పొగ వస్తున్న ఒక బలోక్ బొమ్మ కూడా వేయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం