షార్ట్ స్కేల్ బేస్‌లు రాలేదు, వచ్చినవి నేను ఇవ్వను

బేస్ బ్యాచ్‌కి డబ్బు కట్టినవాళ్ళకీ, షాపుకి ఎప్పట్నుంచో వస్తున్నవాళ్ళకీ ఒక మాట. దసరా తర్వాత మొదలెడతానన్న పెద్దవాళ్ళ బేస్ గిటార్ బ్యాచ్ మొదలవుతుంది, రోజు మారలేదు, టైమింగ్స్ మారలేదు. మారింది ఒక్కటే, మీరు బుక్ చేసుకున్న షార్ట్ స్కేల్ బేస్‌లు (తీగ పొడవు తక్కువుండే బేస్ గిటార్లు) ఆ రోజుకి మీ చేతికి రావు. వాట్సాప్‌లో ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క చెప్పేకంటే అందరికీ ఒకేసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. కాస్త పొడుగవుతుంది, కోపం ఇంకా దిగలేదు.

ఈ బ్యాచ్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కాలేజీలోనో చర్చి క్వయర్‌లోనో ఆర్కెస్ట్రా పార్టీలోనో బేస్ వాయించి, తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఈఎంఐలు అని పక్కన పెట్టేసి, ఇప్పుడు నలభైల్లో యాభైల్లో మళ్ళీ పట్టుకుందామనుకునేవాళ్ళ కోసం ఇది. వీళ్ళలో సగం మంది బేస్ మీద మోజు పడిందే ఇళయరాజా పాటల్లో కింద నడిచే ఆ లైన్ విని. నేనూ ఆ బాపతే, చవితి పందిళ్ళలో వాయించి వాయించి ఈ షాపు పెట్టుకున్నా.

మళ్ళీ మొదలెట్టేవాళ్ళకి షార్ట్ స్కేల్ ఎందుకు చెప్పానో మీకు అప్పుడే చెప్పా, కొత్తగా చదివేవాళ్ళ కోసం ఇంకోసారి. మామూలు బేస్ స్కేల్ 34 అంగుళాలు, అంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర్నుంచి బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే ముక్క) దాకా మోగే తీగ పొడవు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ని ఆ కొలతతో తెచ్చాడు, అప్పట్నుంచి చాలావరకు అదే నడుస్తోంది. షార్ట్ స్కేల్ అంటే 30 అంగుళాలు. నాలుగు అంగుళాలకి ఇంత గోలా అంటారా, నెక్ మీద (ఎడంచేత్తో పట్టుకునే పొడుగు చెక్క) అడ్డంగా ఉండే లోహపు కమ్మీలే ఫ్రెట్లు, మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా కొలవండి, 34 దాని మీద సుమారు 5.1 అంగుళాలు, 30 దాని మీద 4.5. ఇరవై ఏళ్ళు కంప్యూటర్ కీబోర్డు కొట్టి, బండి హ్యాండిల్ పట్టుకుని బిగుసుకుపోయిన ఎడంచేతికి ఆ అర అంగుళం తేడా ఏంటో వాయించినవాడికే తెలుస్తుంది. మణికట్టు తక్కువ తిరుగుతుంది, చిటికెన వేలు ఏడవదు, భుజం మీద బరువు కూడా సాధారణంగా తక్కువే.

అందుకని ఒక డీలర్‌కి ఆర్డర్ పెట్టా. పేరు రాయను. కాగితం మీద 30 అంగుళాలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, మోడల్ ఫోటో పెట్టి, అడ్వాన్స్ కట్టా. ఇదిగో లారీ ఎక్కింది, అదిగో గోడౌన్‌కి వచ్చింది అని తిప్పి తిప్పి చివరికి పంపాడు. అట్టపెట్టె చూడగానే అనుమానం వచ్చింది, పొడుగ్గా ఉంది. విప్పి టేపు పెడితే 34. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, "సార్ అదే రేటుకి పెద్ద సైజు ఇచ్చాం, మీకే లాభం" అంట. చెప్పుల షాపులో 7 నంబరు అడిగితే 9 చేతిలో పెట్టి తోలు ఎక్కువొచ్చింది సంతోషించండి అన్నట్టుంది.

సరే సైజు గోల పక్కన పెట్టండి, 34 మీద నేర్చుకున్నవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, నేనూ దాని మీదే నేర్చుకున్నా. అసలు కథ నెక్‌లో ఉంది. నాలుగు తీగలూ శ్రుతి చేసి బిగించాక నెక్ మీద సుమారు 75, 80 కిలోల లాగుడు ఉంటుంది. దాన్ని తట్టుకోడానికి నెక్ లోపల ఒక ఇనప కడ్డీ పెడతారు, ట్రస్ రాడ్ అంటారు, అలెన్ కీతో కొంచెం బిగించినా వదిలినా నెక్ వంపు మారుతుంది. మన కృష్ణా నది పక్కన వానాకాలంలో గాల్లో తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ఎండుతుంది, ఏటా ఒకటి రెండుసార్లు పావు తిప్పు తిప్పుకోవాల్సిందే. వచ్చిన వాటిలో సగానికి పైగా బేస్‌లకి ఆ కడ్డీని తిప్పే నట్టు అప్పటికే చివరిదాకా బిగించేసి ఉంది. అయినా నెక్ ముందుకి వంగే ఉంది. అంటే ఇక తిప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇంకో రెండిటికి ఫ్రెట్ చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గుచ్చుకుంటున్నాయి.

మీ ఇంట్లో ఉన్న బేస్‌కి కూడా ఇది చూసుకోవచ్చు. శ్రుతిలో ఉండగా మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలూ, చివరి ఫ్రెట్ దగ్గర ఒక వేలూ తీగ మీద నొక్కి పట్టండి, మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందుండాలి, అంతే. ఏటీఎం కార్డు తేలిగ్గా దూరిపోతుంటే వంపు ఎక్కువైనట్టు. వీడు పంపినవాటిలో ఒకదాంట్లో రెండు కార్డులు కలిపి దూరాయి.

ఇప్పుడు అసలు తల బద్దలు కొట్టుకున్న విషయం. వీటిని మీకిచ్చేయొచ్చు. నిజంగా ఇచ్చేయొచ్చు, అందుకే నిద్ర పట్టలేదు. నేను పనోణ్ణి, నెక్ జాయింట్‌లో సన్న షిమ్ (పలచటి ముక్క) పెట్టి, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్స్ దించి, నట్‌లో తీగలు కూర్చునే గాడులు కొంచెం లోతు చేసి, ఫ్రెట్ చివర్లు ఆకురాయితో రాసేస్తే షాపులో మీరు పట్టుకున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. సంక్రాంతి దాకా లాగుతుంది కూడా. పండగ సీజన్, అద్దె కట్టాలి, మీరు కట్టిన డబ్బు ఆ డీలర్ దగ్గర ఇరుక్కుంది, మా ఆవిడేమో "వాళ్ళేమన్నా కచేరీలు చేస్తారా, ఇచ్చెయ్, తర్వాత నువ్వే బాగుచేసి పెడుదువు గానీ" అంది, తను అన్నదాంట్లో తప్పేం లేదు, ఇల్లు నడిపేది తను. బ్యాచ్‌లో ఒకాయన కూడా మెసేజ్ పెట్టారు, "గురువుగారూ ఏదో ఒకటి ఇవ్వండి, మొదలెడితే చాలు" అని. రెండుసార్లు టూల్ బాక్స్ తీశా, రెండుసార్లూ మూసేశా.

ఎందుకంటే తర్వాత ఏం జరుగుతుందో నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. నెక్ వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి, మీరు గట్టిగా నొక్కుతారు, బొటనవేలు నెక్ వెనకాల పిండుతుంది, మణికట్టు నొప్పి మొదలవుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడైతే ఈ గిటార్ బాలేదు అని నా షాపు మీదికి వస్తాడు. మీరు రారు. మీరు "వయసైపోయింది, ఇంక మనవల్ల కాదులే" అనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కవర్లో పెట్టేస్తారు. నా దగ్గరికి రిపేరుకొచ్చే పాత బేస్‌లలో ఎన్నిటి కథ ఇదేనో. చేతిలో ఏ లోపం ఉండదు, యాక్షన్, అంటే ఫ్రెట్ల మీంచి తీగల ఎత్తు, కొండంత ఉంటుంది, నేను దించి ఇచ్చాక వాయించి "అరే" అంటారు.

వెనక్కి పంపుతా అని డీలర్‌కి చెప్పినప్పుడు వాడన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఆ వయసులో నేర్చుకునేవాళ్ళకి ఏదిచ్చినా ఒకటే కదండీ, మూడు నెల్లు వాయించి మంచం కింద పడేస్తారు." దాంతో అయిపోయింది. అప్పటిదాకా బేరం ఆడదామనుకున్నా, సగం ఉంచుకుని సగం పంపుదామనుకున్నా, ఆ మాట విన్నాక ఒక్కటి కూడా ఉంచుకోలేదు, ఆటో మాట్లాడి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేనే దింపొచ్చా.

పైగా షార్ట్ స్కేల్ అంటే పిల్లల బొమ్మ అని కూడా అన్నాడు. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్నీ చేతిలోని హాఫ్నర్ కంపెనీ వయొలిన్ బేస్ 30 అంగుళాలదే. ఆయన మొదటి హాఫ్నర్ 1972లో దొంగలు ఎత్తుకెళ్తే యాభై ఏళ్ళు దాటాక దొరికింది, 2024లో ఆ వార్త ప్రపంచమంతా వచ్చింది. బొమ్మ కోసం ఎవరైనా అన్నేళ్ళు వెతుకుతారా? ఇంక వయసు సంగతికొస్తే, అమెరికాలో కేరల్ కే అనే ఆవిడ గిటారిస్టు, 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ వాయించేవాడు రాకపోతే ఆవిడ చేతికిచ్చారు, అక్కణ్ణుంచి అక్కడి స్టూడియోల్లో పేరున్న బేసిస్టు అయిపోయింది. అప్పటికి 28 ఏళ్ళు. 28 కూడా ఒక వయసా అని మీరు నవ్వుతారు, సరే నవ్వండి, కానీ ఆవిడ ఆ రోజు స్కేల్ ఎంత, నా వయసెంత అని కూర్చోలేదు.

ఇక మీ డబ్బు సంగతి. వాపసు కావాలన్నవాళ్ళకి పూర్తిగా ఇస్తా, కారణం అడగను, మొహం మాడ్చుకోను (ప్రయత్నిస్తా). ఆగుతామన్నవాళ్ళకి చెన్నైలో వేరే ఆయన ద్వారా షార్ట్ స్కేల్‌వే చెప్పా, ఈసారి ప్రతిదానికీ నెక్ మీద కొలబద్ద పెట్టి, ట్రస్ రాడ్ తిరుగుతున్నట్టు వీడియో తీసి పంపితేనే మిగతా డబ్బు. రేటు కొంచెం ఎక్కువ పడుతోంది, ఆ తేడా మీ దగ్గర తీసుకోను, దయచేసి "పర్లేదు మేమిస్తాం" అని బతిమాలకండి, నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. అవి వచ్చేదాకా షాపులో ఉన్న పాతవి వాడుకోండి, అద్దె లేదు. అందులో రెండు 34 అంగుళాలవి ఉన్నాయి కానీ నెక్‌లు నా చేత్తో సెట్ చేసినవి. వాటి మీద నట్ పక్కనున్న ఫ్రెట్లలో నాలుగు వేళ్ళూ సాగదీయకుండా చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో పట్టుకోవడం నేర్పిస్తా, పెద్ద డబుల్ బేస్ వాళ్ళ పద్ధతి అది, బిగుసుకున్న చేతికి హాయిగా ఉంటుంది.

అటక మీద పాత బేస్ ఉన్నవాళ్ళు తెచ్చేయండి, బ్యాచ్‌వాళ్ళకి సెటప్ ఫ్రీ, తీగల ఖర్చు మాత్రం మీదే. 9 వోల్టుల బ్యాటరీ వేసే రకమైతే తెచ్చేముందు వెనక మూత తీసి చూడండి, ఏళ్ళ తరబడి లోపలే ఉంటే కారిపోయి ఉండొచ్చు. ఇంకోటి, ఇంట్లో ప్రాక్టీసు ఫోన్ స్పీకర్ మీద విని "లావు తీగ మోగట్లేదు" అని మెసేజ్‌లు పెట్టకండి. ఆ లావు తీగ (E) శ్రుతి 41 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్‌కి అంత కిందికి దిగే శక్తి లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

డీలర్ గారు అడ్వాన్స్‌కి బదులు క్రెడిట్ నోట్ ఇస్తానంటున్నారు, అంటే మళ్ళీ ఆయన దగ్గరే సరుకు కొనాలి. నాకు నోటు వద్దు, డబ్బే కావాలి, ఎన్నాళ్ళైనా అడుగుతా. ఆ గొడవ నాది, మీ వాపసుకీ దానికీ సంబంధం లేదు. ఎవరు ఆగుతారో ఎవరికి వాపసు కావాలో ఈ శనివారం లోపు చెప్పండి, చెన్నైకి ఎన్ని కావాలో చెప్పాలి. మొదటి క్లాసుకి కేబుల్ మీదే తెచ్చుకోండి, షాపులో ఉన్నవాటిలో సగం గరగరలాడుతున్నాయి.