ఎనిమిది వచ్చింది, యూ టర్న్ రాలేదు

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. 46వ ఏట కారు నేర్చుకున్నాను. లైసెన్స్ మొదటిసారికే వచ్చింది. టెస్టు ట్రాక్ మీద ఎనిమిది అంకె ఆకారం, హెచ్ అక్షరం ఆకారం రెండూ ఒక్క కర్రకి కూడా తగలకుండా వేశాను. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ స్వీట్లు పంచాను. ఆ తర్వాత సరిగ్గా 19 రోజులకి ఒక కుర్రాణ్ణి బండి మీద నుంచి పడేశాను.

మా స్కూలు సందు నుంచి మెయిన్ రోడ్డుకి రాగానే ఇదివరకు ఒక చౌరస్తా ఉండేది. సిగ్నల్ పడితే నేరుగా దాటి మా కాలనీలోకి వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు దాన్ని బారికేడ్లతో మూసి, కొంత ముందుకు యూ టర్న్ ఇచ్చారు. అంటే సందులోంచి ఎడమకి తిరగాలి. ఆ కాస్త దూరంలోనే మూడు వరసల బండ్లని దాటుకుంటూ కుడి అంచుకి చేరాలి. మెట్రో పిల్లర్ల మధ్య నుంచి వెనక్కి తిరగాలి. తిరగగానే మనం వచ్చి పడేది అందరికంటే వేగంగా పోయే కుడి వరసలో. అక్కడి నుంచి మళ్లీ ఎడమకి జరిగితే గానీ కాలనీ గేటు దొరకదు.

ఆ రోజు టర్న్ బాగానే తీసుకున్నాను. వెనక కారు ఒకటే హారన్. దానికి దారి ఇద్దామని ఎడమ ఇండికేటర్ వేసి, అద్దం చూసి, జరిగాను. దబ్‌మని చప్పుడు. ఫుడ్ డెలివరీ కుర్రాడు. హెల్మెట్ ఉంది కాబట్టి మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. రోడ్డంతా సాంబారు. "అద్దం చూసుకోవాలి కదా మేడమ్," అన్నాడు. నేను చూశాను. అద్దంలో అతను లేడు. నా వెనక డోరు పక్కన, అద్దానికి అందని చోట ఉన్నాడు. అలాంటి చోటు ఒకటి ఉంటుందనీ, జరిగే ముందు ఒక్కసారి మెడ తిప్పి చూడాలనీ నాకు అప్పటివరకు ఎవరూ చెప్పలేదు. పక్క క్లినిక్‌లో కట్టు కట్టించి, ఆర్డర్ డబ్బులు నేనే ఇచ్చాను. తప్పు నాదే. దాన్ని మీ మీదకి నెట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అంత తెలియనిదాన్ని లైసెన్స్‌తో రోడ్డు మీదకి ఎలా రాగలిగానన్నదే నాకు అర్థం కానిది.

నేను నేర్చుకున్న డ్రైవింగ్ స్కూల్ పేరు రాయను, అన్నీ ఇంచుమించు అలాంటివే. 21 రోజుల కోర్సు అన్నారు. రూల్ ప్రకారం అందులో కనీసం 10 గంటలు మన చేత నడిపించాలి. నాది రోజుకి అరగంట. అందులో తర్వాతి స్టూడెంట్‌ని ఎక్కించుకోడానికి పోయే టైమ్ కూడా నాదే. లెక్కల టీచర్ని కదా, కూడి చూసుకున్నాను. ఆరు గంటలు దాటలేదు. మాస్టారు మంచివారే, ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగ్ ఆయన చేతిలోకి వెళ్లిపోయేది. బ్రేకు, క్లచ్ ఎలాగూ ఆయన కాళ్ల కింద కూడా ఉంటాయి. మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆయన చెప్పే పాఠం ఒక్కటే: "హారన్ కొట్టి దూరండి."

దూరడం. ఈ పనికి మనందరి నోటా ఉన్న మాట అదే. దూరేవాడికి సందు దొరికితే చాలు, వెనక వచ్చేవాడు బ్రేకేసుకుంటాడులే అనుకుంటాడు. రోడ్డులో కలవాలంటే మాత్రం పోయేవాళ్ల వేగం చూసుకుని, మన వేగం దానికి సరిపోయేలా పెంచుకుని, ఎవరూ బ్రేకు తొక్కాల్సిన అవసరం లేకుండా వరసలోకి రావాలి. దానికి కొలత ఉంది. గంటకి 54 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 15 మీటర్లు. యూ టర్న్ దగ్గర ఆగిన నా కారు కదిలి, తిరిగి, సర్దుకోవడానికి నాలుగు సెకన్లు వేసుకున్నా, ఎదురుగా వచ్చే బండి అప్పటికి 60 మీటర్లు వచ్చేస్తుంది. దాదాపు రెండు మెట్రో పిల్లర్ల దూరం. అంత ఖాళీ ఉంటేనే కదలాలి. తమాషా ఏమిటంటే, ఆ 60 మీటర్లు కనిపించకుండా అడ్డం వచ్చేది కూడా ఆ పిల్లర్లే.

ఆ ప్రమాదం తర్వాత కూర్చుని రూల్స్ చదివాను. చదివాక కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే అన్నీ ఉన్నాయి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 15వ నియమం డ్రైవింగ్ టెస్టు గురించి. అభ్యర్థి కుడి, ఎడమ మలుపులు సరిగ్గా తిరగగలగాలనీ, సిగ్నల్ ఇచ్చే ముందు అద్దం సరిగ్గా వాడాలనీ, తగిన సిగ్నల్స్ ఇస్తూ జాగ్రత్తగా ఓవర్‌టేక్ చేయాలనీ, వెనకవాళ్లని ముందుకు పోనివ్వాలనీ అందులో ఉంది. ఖాళీ ట్రాక్ మీద ఎవర్ని ముందుకు పోనివ్వాలి? నా టెస్టు రోజు నా ముందు గానీ వెనక గానీ మనిషన్నవాడు లేడు, కర్రలు తప్ప. సెన్సర్లు, కెమెరాలతో ఆటోమేటెడ్ ట్రాకులు కూడా వస్తున్నాయి. లంచాలూ సిఫార్సులూ తగ్గుతాయి, మంచిదే. కానీ సెన్సర్‌కి కూడా తెలిసేది గీత తొక్కామా, కర్రకి తగిలామా అన్నదే.

ఎవరు ముందు, ఎవరు ఆగాలి అన్న సంగతి కూడా అంతే. చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డు ఎక్కేవాడు పెద్ద రోడ్డు మీద పోయేవాళ్లకి దారి ఇవ్వాలి. పెద్దా చిన్నా తేడా లేని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వాలి. ఎడమకి తిరిగేవాడు ముందే ఎడమ అంచుకి రావాలి, కుడికి తిరిగేవాడు రోడ్డు మధ్యకి జరగాలి. 1989లోనే విడిగా వచ్చిన రోడ్డు నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి, ఆ నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. మా స్టాఫ్‌రూమ్‌లో కారో బండో నడిపేవాళ్లం తొమ్మిది మందిమి. కుడివైపు రూల్ గురించి అడిగితే ఒక్కరికీ తెలియదు. మా పీఈటీ సారు మాత్రం "పెద్ద బండిదే ముందు" అన్నారు. అదీ ఒక రూలే, పుస్తకంలో లేదు గానీ.

లైసెన్స్‌కి ముందు కంప్యూటర్ మీద రాసే లెర్నర్స్ పరీక్షలో 60 శాతం వస్తే పాస్. పదో తరగతిలో 35కి పాస్ చేసేవాళ్లం, మాకు మాట్లాడే మొహం లేదనుకోండి. అయినా, ఆ వదిలేసిన 40 శాతంలో దారి ఇవ్వడం గురించిన ప్రశ్నలన్నీ పోయినా మనిషి పాసవుతాడు. పార్కింగ్ బోర్డు గుర్తుపట్టకపోతే ఫైన్ పడుతుంది. ఎవరికి దారి ఇవ్వాలో తెలియకపోతే మనిషే పోతాడు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్రం లెక్క.

చలానాలతో మనకి రూల్స్ రావని కాదు. 2022 అక్టోబరులో హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్ట్‌కి, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకి తిరిగే దారికి, అడ్డం నిలబడితే 1000 రూపాయలు అన్నాక, అలా నిలబడకూడదన్న సంగతి నాకు ఆ చలానాతోనే తెలిసింది. ఆ తర్వాత ఎప్పుడూ నిలబడలేదు. చెప్తే వింటాం సార్. చెప్పే చోటే లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంకో రకం. 158 కిలోమీటర్ల రోడ్డు, 2023 నుంచి గరిష్ఠ వేగం 120. ర్యాంపు ఎక్కాక మెయిన్ రోడ్డులో కలవడానికి వేగం పెంచుకునేంత వరస ఇచ్చారు. మనవాళ్లలో చాలామంది ఆ వరస చివరి దాకా మెల్లగా వెళ్లి, అక్కడ పూర్తిగా ఆగి, ఇండికేటర్ వేసుకుని చూస్తూ ఉంటారు. జాగ్రత్త అనుకుంటారు పాపం. సున్నా నుంచి కదిలి లారీల మధ్యకి పోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఔటర్ మీదకి బైకులు రానివ్వరు కాబట్టి, అక్కడికి వచ్చేవాళ్లంతా కారుకో లారీకో లైసెన్స్ ఉన్నవాళ్లే, అంటే టెస్టు పాసైనవాళ్లే.

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. హైదరాబాద్‌లో పదేళ్లు నడిపి వెళ్లింది, అక్కడ మొదటి టెస్టు ఫెయిల్. వరస మారేటప్పుడు మెడ తిప్పి చూడలేదట. ఆ రోజు ఫోన్‌లో తెగ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ట్రాక్ టెస్టు ఉంచండి, దాని తర్వాత పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుని పది పదిహేను నిమిషాలు నిజం రోడ్డు మీద నడిపించండి. సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కడం, ఒక కుడి మలుపు, ఒక యూ టర్న్, ఒకసారి వరస మారడం చాలు. రోజుకి అంతమందిని అలా చూడాలంటే ఇన్‌స్పెక్టర్లు సరిపోరని అంటారని తెలుసు. నిజమే. ఒక్క ఆఫీసులో, కార్లకి మాత్రమే మొదలుపెట్టి చూడండి. లెర్నర్స్ పరీక్షలో దారి ఇవ్వడం గురించిన ప్రశ్నలు విడిగా పెట్టి, వాటిలో ఒక్కటి తప్పినా మళ్లీ రమ్మనండి. దీనికి కంప్యూటర్లో మార్పు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. 2021 జూలై నుంచి అమల్లో ఉన్న గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల రూల్స్‌లో కారుకి 29 గంటల కోర్సు పెట్టారు. మామూలు స్కూళ్లు కనీసం ఆ 10 గంటలైనా నడిపిస్తున్నాయా అని ఎవరైనా చూస్తే బాగుండు. బైకులకైతే స్కూలన్న మాటే లేదు. అన్నయ్యో స్నేహితుడో ఖాళీ గ్రౌండ్‌లో నేర్పితే వచ్చేస్తుంది.

చౌరస్తాలు మూసి యూ టర్నులు ఇవ్వడం నాకు ఇష్టమే, సిగ్నల్ దగ్గర నిలబడే బాధ తగ్గింది. కానీ తిరిగినవాళ్లు సర్దుకోవడానికి కొన్ని మీటర్లు విడిగా ఒక వరస కోన్లతో కట్టిస్తే ఆ కుర్రాడు పడేవాడు కాదు. ఇది ట్రాఫిక్ పోలీసుల పని, మీ శాఖది కాదు, తెలుసు. రోడ్డు భద్రత సమావేశాల్లో వాళ్లు మీ ఎదురుగానే కూర్చుంటారు కదా, ఒక మాట వేయండి.

మా అబ్బాయికి ఈమధ్యే 18 నిండాయి. లెర్నర్స్ వచ్చింది, టెస్టు స్లాట్ వచ్చే నెలలో. వాడికి ఎనిమిది వేయడం అప్పుడే వచ్చేసింది. ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఎల్ బోర్డు కట్టుకుని ఇద్దరం అదే యూ టర్న్ దగ్గరకి వెళ్తున్నాం. పక్క సీట్లో కూర్చుని నేను పిల్లర్లు లెక్కపెడుతుంటాను. వాడు మెడ తిప్పేదాకా కదలనివ్వను. నిన్న వెనక నుంచి ఒకాయన హారన్ మీద హారన్ కొట్టి, అద్దం దించి, "లైసెన్స్ ఎవరిచ్చారమ్మా?" అని తిట్టిపోయాడు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ఉప్పల్